పసుపు ఉడికిందో లేదో చెప్పిన చెయ్యి

ఆ రోజు కడాయిలోంచి తీసిన పసుపు కొమ్ము నా అరచేతి అంచున ఉంది. దానిమీద ఆవిరి లేస్తోంది. నేను మాత్రం మా అత్తతో తాపీగా కబుర్లు చెబుతున్నాను. నా జబ్బు మొదటిసారి బయటపడింది ఆ రోజే. బయటపడినా ఎవరమూ గుర్తుపట్టలేదు. పైగా అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మా ఆర్మూరు చుట్టుపక్కల వాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. తవ్విన పసుపును పెద్ద కడాయిల్లో నీళ్లు పోసి ఉడకబెడతాం. సరిగా ఉడక్కపోతే ఎండాక పెళుసుగా విరుగుతుంది, ఎక్కువ ఉడికితే రంగు పోతుంది. అందుకని మధ్యమధ్యలో ఒక కొమ్ము తీసి నొక్కి చూడాలి. మిగతా ఆడవాళ్లు దాన్ని పుల్లతో పైకి లాగి, ఊదుకుంటూ, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకుంటూ చూసేవాళ్లు. నేను అరచేతి అంచున, చిటికెన వేలి పక్కన పెట్టుకుని బొటనవేలితో నొక్కేదాన్ని. బొటనవేలికి చురుక్కుమనేది గాని అరచేతికి ఏమీ అనిపించేది కాదు.

"మా కోడలిది చెయ్యి గాదు, ఇనుము" అని మా అత్త పోశవ్వ పసుపు ఆరబోసే కళ్లమంతా చెప్పుకునేది.

ఆ మాట ఊరంతా పాకింది. వాళ్ల కడాయి దగ్గరికి రమ్మని ఒకరు, వీళ్ల కడాయి దగ్గరికి రమ్మని ఒకరు. నేను కొంగు నడుముకు దోపి, పెద్ద పట్వారీలా నడుచుకుంటూ పోయేదాన్ని. "రాజవ్వొచ్చింది, జరుగుండ్రి" అంటే నాకు ఒళ్లు పొంగిపోయేది. సాయంత్రానికి చేతిమీద బొబ్బలు లేచేవి. పని చేసే చేతికి బొబ్బలు రావా అనుకునేదాన్ని. ముంజేతి మీద ఒక పాలిపోయిన మచ్చ కూడా ఉండేది. దానికి మా అత్త రోజూ పసుపు పట్టించేది. మా ఇళ్లల్లో దెబ్బకూ పసుపే, దురదకూ పసుపే. అసలే పసుపు పనివాళ్లం, ఆ కాలంలో అందరి చేతులూ మోచేతిదాకా పచ్చగానే ఉంటాయి. ఆ పచ్చదనం కింద మచ్చ హాయిగా దాక్కుని పెరిగింది.

ఒక రోజు నేను కడాయి పక్కన కూర్చుని మంట ఎగదోస్తున్నాను. నా కూతురు కమల అప్పటికి చాలా చిన్నది, నా ఒళ్లో ఆడుకుంటోంది. ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చి, "అవ్వా, ఏందో మాడుతున్నదే" అంది. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తారు. నేను పొయ్యి చూశాను, కడాయి చూశాను. చివరికి చూసుకుంటే నా చిటికెన వేలు కడాయి అంచుకు ఆనుకుని ఉంది. వేలు మాడుతున్న సంగతి నాకంటే ముందు నా బిడ్డకు తెలిసింది. ఆ రోజుతో ఇనుప చెయ్యి గొప్పలు ఆగిపోయాయి.

ఆర్మూరులో చూసిన డాక్టరు గుండుసూదితో గుచ్చి, మోచేతి వెనక తడిమి, జబ్బు పేరెత్తకుండా మిషన్ దవాఖానకు తీసుకుపొమ్మని మా ఆయన మల్లయ్యతో అన్నాడు. మిషన్ దవాఖానలో ఏ జబ్బుకు మందిస్తారో జిల్లాలో అందరికీ తెలుసు. మేమిద్దరం బస్సెక్కాం. జక్రాన్‌పల్లి దాటాక మా ఆయన, "ఆకలైతున్నదా?" అని అడిగాడు. నేను లేదన్నాను. మా మాటలు అంతటితో సరి.

అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. ఆంధ్ర వైపు మనిషి. నన్ను కళ్లు మూసుకోమని, "దూదితో ముట్టుకుంటానమ్మా, ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించు" అంది. నేను అంగట్లో పుట్టి పెరిగినదాన్ని, ఓడిపోవడం ఇష్టం లేదు. ఊహించి చూపించడం మొదలుపెట్టాను. ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ అంటూ. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. డాక్టరమ్మ నవ్వుతూ, "నేనింకా ముట్టుకోనే లేదమ్మా" అంది.

తర్వాత నా మోచేతి వెనక వేళ్లు పెట్టి, "అల్నార్ నర్వ్ లావెక్కింది" అని నర్సుతో చెప్పింది. నర్వ్ అంటే నరమట. మచ్చ చూద్దామంటే పసుపు అడ్డం. సబ్బు ఇచ్చి కడుక్కు రమ్మన్నారు. ఎంత తోమినా అది వదులుతుందా? "ఇన్నాళ్లు దీన్ని బాగానే దాచిపెట్టావు" అంది డాక్టరమ్మ. చెవి తమ్మె దగ్గర చర్మం గీరి, పరీక్షకని స్కిన్ స్మియర్ తీశారు. అది పాజిటివ్ వచ్చింది.

"పెద్ద రోగమేనా?" అని అడిగాను. కుష్ఠు అనే మాట నోటికి రాలేదు.

"కుష్ఠే. దీనికి మందుంది. ఏళ్ల తరబడి వాడాలి, విసుక్కోకూడదు. తగ్గుతుంది. పోయిన స్పర్శ మాత్రం తిరిగి వస్తుందని నేను మాటివ్వలేను."

అన్నీ ఒక్కసారే చెప్పేసింది. అప్పుడు నాకు కోపమొచ్చింది గాని ఇప్పుడు తలుచుకుంటే ఆమె చేసింది మంచి పనే. నాకు ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. నేను మళ్లీ మా ఇంటికి పోయి నా బిడ్డ తల దువ్వుతానా, లేదా? 

ఆడవాళ్ల వార్డులో నా పక్క మంచం శాంతమ్మది. సిరికొండ వైపు మనిషి, నాకంటే పెద్దది. చాలా ఆలస్యంగా వచ్చిందేమో, రెండు చేతులకూ కలిపి సరైన వేళ్లు కొన్నే మిగిలాయి. అలాంటి మనిషి పొద్దున లేస్తూనే నవ్వేది. పళ్లు తోముకుంటూ నవ్వేది, కట్టు మార్చేటప్పుడు నవ్వేది, కాస్త సందు దొరికితే పాట ఎత్తుకునేది. గొంతు మాత్రం దేవుడు మెచ్చాల్సిందే, మనుషులకు కష్టం. నాకు ఒళ్లు మండేది. ఇంట్లో ఉన్నప్పుడు నా అంత నవ్వే మనిషి వీధిలో లేదు. ఆ నవ్వంతా ఆర్మూరులోనే వదిలేసి వచ్చినట్టుంది నాకు. ఈవిడ నవ్వు చూస్తే, నాది ఎవరో ఎత్తుకుపోయి నా ఎదురుగానే వాడుకుంటున్నట్టు ఉండేది.

మందుల వల్లేమో అనుకున్నాను. డాక్టరమ్మ రౌండుకు వచ్చినప్పుడు, "అమ్మా, గా శాంతక్కకు ఇచ్చే గోలీ నాక్కూడ ఇయ్యుండ్రి" అని అడిగాను.

"ఇద్దరికీ అదే డీడీఎస్ గోలీ" అంది ఆమె.

"మరి గామె గట్ల నవ్వుతది, నేను గిట్ల ఏడుస్త?"

"అది గోలీలో లేదు. ఆమెనే అడుగు" అని పక్క మంచానికి వెళ్లిపోయింది.

నేను అడగలేదు. నాకూ పంతముంది.

సాయంత్రం వెలుతురు ఉండగానే మా వార్డులో ఒక పని చేయించేవారు. ఎవరి చేతులు, కాళ్లు వాళ్లు తిప్పి తిప్పి చూసుకోవాలి. స్పర్శ లేనివాళ్లకు కాలినా, తెగినా తెలియదు కదా, కళ్లతోనే తెలుసుకోవాలి. శాంతమ్మ ఆ పని చేస్తూ పెదవులు కదిపేది. ఒక వేలు చూసి ఏదో అనేది, ఇంకొకటి చూసి ఏదో అనేది. వేలు లేనిచోట కూడా కాసేపు ఆగేది. ఒక రోజు ఉండబట్టలేక, "లేని ఏలుకు ఏం చెప్తున్నవక్కా?" అని అడిగేశాను.

"ఉన్నన్ని దినాలు మస్తు పని చేసింది చెల్లె. శుక్రియా చెప్పొద్దా?" అంది. మళ్లీ నవ్వు.

డీడీఎస్ మొదలుపెట్టాక కొన్నాళ్లు బాగానే ఉంది. మచ్చ సద్దుమణిగింది, మా ఆయన వచ్చి చూసి సంబరపడ్డాడు. తర్వాత రియాక్షన్ వచ్చింది. ఒళ్లంతా జ్వరం, చర్మం కింద ఎర్రటి గడ్డలు, మోచేతి దగ్గర నరం నిప్పులా మండేది. ఇన్నాళ్లూ తెలియని నొప్పంతా కూడబెట్టుకుని ఒకేసారి వచ్చినట్టుంది. "రియాక్షన్ అంటే మందు పనిచెయ్యలేదని కాదు, ఒళ్లు తిరగబడుతోంది" అని డాక్టరమ్మ డీడీఎస్ ఆపింది, చెయ్యి కదలకుండా స్ప్లింట్ అనే బద్ద కట్టింది. అది తగ్గేసరికి నా చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుపోయాయి. చాచుదామంటే రావు.

ఆ రోజుల్లోనే మా ఆయన వచ్చాడు. వార్డు బయట నిలబడి చెప్పాడు.

"అమ్మ కమలను తోలియ్యనంటున్నది. పిల్లకు అంటుకుంటదని భయపడుతున్నది."

"ఇంకేమన్నది?"

"ఇంకో పిల్లను చేసుకొమ్మన్నది."

"నువ్వేమన్నవ్?"

మా ఆయన తల గోక్కున్నాడు. "పసుపు ఉడికిందో లేదో చెప్పే మనిషి దొరకాలె గద అని అన్న."

నాకు నవ్వు రాలేదు. అతను పోయాక దుప్పటి ముసుగుపెట్టుకుని ఏడ్చాను. కమల చివరిసారి నన్ను ముట్టుకున్నది బస్సెక్కే ముందు. ఆర్మూరులో ఇక నన్ను ఎవరూ ముట్టుకోరని నాకు తెలుసు. శాంతమ్మ వచ్చి నా మంచం అంచున కూర్చుంది. ఈసారి నవ్వడం లేదు. నేనే లేచి గయ్యిమన్నాను.

"ఏం చూసుకొని నవ్వుతవక్కా నువ్వు? ఏళ్లు లెవ్వు, ఇల్లు లేదు, నిన్ను చూడ ఒక్కరు రారు!"

ఆమెకు కోపం రాలేదు. యేసు కథ చెప్పింది. ఆదివారం ప్రార్థనలో నేనూ విన్న కథే, గాని వింటూ కునికిపాట్లు పడ్డాను. కుష్ఠు ఉన్న ఒకతను ఆయన ముందుకు వచ్చి మోకరిల్లాడట. నీకు ఇష్టమైతే నన్ను బాగుచేయగలవు అన్నాడట. యేసు చెయ్యి చాపి అతన్ని ముట్టుకున్నాడట.

నేను లేచి కూర్చున్నాను. మేము సరుకు కొనేటప్పుడు అన్నీ తిరగేసి అడుగుతాం, అలాగే అడిగాను.

"బాగుచేసినంక ముట్టుకున్నడా?"

"కాదు. ముట్టుకున్నంకనే బాగైంది."

"రోగం ఒంటిమీద ఉండంగనే?"

"ఉండంగనే."

"అందరు చూస్తుండంగనా?"

"అందరు చూస్తుండంగనే, చెల్లె. ఆయన మాటతోని బాగుచెయ్యలేడా? ఎందరినో మాటతోనే బాగుచేసిండు. గాయిన్ని మాత్రం ముట్టుకున్నడు. ఎన్నేండ్లైందో గాయిన్ని ఎవరన్న ముట్టుకోక! నన్ను గూడ గట్లనే ముట్టుకున్నడు. నేను నవ్వేది గందుకే."

ఆమె పడుకున్నాక నేను మొదటిసారి ప్రార్థన చేశాను. ఎలా చెయ్యాలో తెలియదు. మా అత్తతో మాట్లాడినట్టే మాట్లాడాను. "అయ్యా, చెయ్యి బాగుచెయ్యమని నేను అడుగుత లేను. నిజంగ ముట్టుకుంటవంటే ఒక్కసారి నన్ను ముట్టుకో. కానీ చేతిని ముట్టుకోకు, దానికి తెల్వది. తెలిసే జాగల ముట్టుకో." అన్నది అంతే. కలలో వెలుగులేమీ రాలేదు, ఎవరి గొంతూ వినిపించలేదు. నిద్రపోయాను.

మర్నాడు పొద్దున ఒక మేక వార్డు వెనక పెరట్లోకి దూరింది. ఉతికి ఆరేసిన కట్టుగుడ్డల్లో ఒకదాన్ని నోట కరుచుకుంది. శాంతమ్మ రెండో కొస పట్టుకుని, "ఇడువే, నీకేం పుండైంది!" అని అరుస్తూ లాగుతోంది. మేక వదలదు, ఈమె వదలదు. చూసేవాళ్లు ఎవరూ విడిపించరు. నేను కిటికీలోంచి చూసి పగలబడి నవ్వాను. కళ్లలో నీళ్లు వచ్చేదాకా, పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. నవ్వు ఆగాక గుర్తొచ్చింది. వేళ్లు నిన్నటిలాగే ముడుచుకునే ఉన్నాయి. అత్త మాట నిన్నటిలాగే ఉంది. ఏదీ మారలేదు, నా నవ్వు మాత్రం ఇంటికొచ్చింది. అప్పుడు అర్థమైంది, ఆయన నన్ను ముట్టుకున్నాడని. ఎక్కడ ముట్టుకోమన్నానో అక్కడే ముట్టుకున్నాడు.

చదివేవాళ్లు నన్ను తప్పుగా అనుకోవద్దు. ఆ తర్వాత నేను ఏడవలేదని చెప్పడం లేదు. రియాక్షన్ మళ్లీ వచ్చింది, మళ్లీ ఏడ్చాను, దేవుణ్ణి నిలదీసి అడిగాను కూడా. కానీ ఏడుపు అడుగున ఆ సంతోషం కదలకుండా ఉండేది. బావిలో నీళ్లలాగా, పైన ఎండలు మండినా అడుగున ఉన్న చల్లదనం పోదు కదా. నేను బాప్తిస్మం తీసుకున్నాను. మా ఆయనకు చెబితే, "గా దేవుడు పసుపు పని చెయ్యొద్దంటడా?" అని అడిగాడు. అనడని చెప్పాను. "అయితే మంచిదే" అన్నాడు. అతని వేదాంతం అంతవరకే.

రియాక్షన్లు తగ్గాక గోలీలు మళ్లీ మొదలుపెట్టి, రోజూ వేడి మైనంలో చెయ్యి ముంచి వ్యాయామాలు చేయించారు. కొన్నేళ్లకు బయటి నుంచి వచ్చిన సర్జన్ ఒకాయన నా చేతికి ఆపరేషన్ చేశాడు. మంచిగా ఉన్న ఒక టెండన్‌ను, అంటే కండరం కొసన ఉండే నారను, తెచ్చి ముడుచుకున్న వేళ్లకు కలిపాడు. "ఇప్పుడు ఈ కండరానికి కొత్త పని నేర్పాలి, బడికి పంపినట్టే" అన్నాడు. ప్లాస్టర్ తీశాక ఎన్నో వారాలు బడి సాగింది. ఒక రోజు దువ్వెన నా పిడికిట్లో జారకుండా నిలిచింది. శాంతమ్మ తల ముందుకు వంచి, "దువ్వు, నామీద నేర్చుకో" అంది. ఆమె జుట్టు పీచులా ఉంటుంది. దాంతో నేర్చుకున్నాక ఎవరి తలైనా దువ్వొచ్చు.

స్మియర్ నెగెటివ్ వచ్చింది, మళ్లీ మళ్లీ తీసినా నెగెటివే వచ్చింది. "ఇంటికి వెళ్లు. నీ వల్ల ఎవరికీ అంటుకోదు. గోలీలు మాత్రం ఆపొద్దు" అంది డాక్టరమ్మ.

అప్పటికి పోచంపాడు దగ్గర గోదావరి మీద ప్రాజెక్టు పని మొదలై బస్సులన్నీ కూలీలతో కిక్కిరిసి పోతున్నాయి. ఆ బస్సులోనే నిలబడి ఆర్మూరులో దిగాను. కమల నాకు భుజందాకా వచ్చింది. దూరంగా నిలబడింది, నాన్నమ్మ వైపు చూసింది. మా అత్త నాకు పశువుల కొట్టం పక్క గదిలో చాప వేసింది. కంచం వేరు, చెంబు వేరు. అన్నం పైనుంచి వేసేది, చెయ్యి తగలకుండా. డాక్టరమ్మ మాట ఎన్నిసార్లు చెప్పినా, "సరే సరే" అనేది గాని దగ్గరికి రాలేదు. బాప్తిస్మం సంగతి విని ఇంకా మాడిపోయింది. "రోగం తెచ్చుకున్నది చాలక దేవుణ్ణి గూడ మార్చుకొచ్చినవా?" అంది. నాకు బాధ కలిగింది. అయినా పొద్దున్నే లేచి పాట పాడుకుంటూ పేడ ఎత్తేదాన్ని. శాంతమ్మ కంటే నా గొంతు కొంచెం నయం. "గీమెకు అక్కడ ఏం తినిపించిండ్రో" అని మా అత్త గొణుక్కునేది.

పసుపు ఉడకబెట్టే కాలం వచ్చింది. నన్ను ఇప్పుడు ఎవరూ కొమ్ము చూడమని పిలవరు కదా, నేను మా పొయ్యి దగ్గర మంట చూస్తూ కూర్చున్నాను. మా అత్త కొంచెం దూరంలో కొమ్ములు ఆరబోస్తోంది. అందరూ ఏదో మాటల్లో పడ్డారు, నేనూ పడ్డాను. ఉన్నట్టుండి మా అత్త కేక పెట్టింది.

"చెయ్యే! ఓ పిల్లా, నీ చెయ్యి!"

నేను తేరుకునేలోపే పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. మళ్లీ ఆ కడాయి అంచే, మళ్లీ ఆ వేలే. లాగాక ఆమెకు తెలిసింది, తను ఏం పట్టుకుందో. కళ్లంలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. నా చెయ్యి ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. వదిలేసి పోయి చేతులు కడుక్కుంటుందని ఎదురుచూశాను. ఆమె కుండ దగ్గరికి పోయిన మాట నిజమే. చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతిమీద పోసింది. మా అత్త ఏడుస్తోంది. కమల పరుగున వచ్చి నా రెండో చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నువ్వు నన్ను ముట్టుకున్నవ్" అన్నాను.

"ముట్టుకున్న. ఏమైతది? ముట్టుకున్నంక ఇగ భయమేందే" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నేను ఆమెకు యేసు కథేమీ చెప్పలేదు అప్పుడు. చెప్పాల్సిన పని కనిపించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో వేరే కంచం లేదు. పొద్దున కమల తల దువ్వేది నేనే, జడ వంకరగా వస్తోందని అది రోజూ సణుగుతుంది. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నదీ అదే. నా మాటల్ని బడి భాషలోకి తిప్పుతోంది, మధ్యలో నవ్వుతోంది. నా చెయ్యికి స్పర్శ రాలేదు. డాక్టరమ్మ మాటివ్వలేనన్నది, అలాగే జరిగింది. సంతోషం మాత్రం నాతోనే ఉంది. నొప్పి లేనంత మాత్రాన ఒళ్లు బాగున్నట్టు కాదని నాకు ఈ చెయ్యి నేర్పింది. నొప్పి ఉన్నంత మాత్రాన సంతోషం పోదని యేసయ్య నేర్పాడు.

ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మందు మానొద్దని డాక్టర్లు ఎలాగూ చెబుతారు. మీ చేతులూ కాళ్లూ రోజూ వెలుతురులో చూసుకోండి, కానీ మీరొక్కరే చూసుకోకండి. మన కళ్లు మనల్ని తేలిగ్గా క్షమిస్తాయి, చిన్న బొబ్బను చూసీ చూడనట్టు పోతాయి. ఇంట్లో ఇంకొకరి చేతిలో పెట్టి చూపించండి. వాళ్లకు భయం పోతుంది, మీకు పుండు దొరుకుతుంది.

మా ఇంట్లో ఆ పని మా అత్తది. ఆమె దేవుళ్లు ఆమెకున్నారు, నా యేసయ్య నాకున్నాడు, ఆ విషయంలో మేము రోజూ కాసేపు పోట్లాడుకుంటాం. సాయంత్రం ఎండ గుట్టమీదికి జారగానే మాత్రం పోట్లాట ఆపేసి గడపలో కూర్చుంటుంది. నేను వేలు వేలుకూ లోపల కృతజ్ఞత చెప్పుకుంటుంటే, ఆమె నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కళ్లు చికిలించి తిప్పి తిప్పి చూస్తుంది. ఇదిగో, ఇప్పుడూ పిలుస్తోంది.

"నీ దేవునితోని తర్వాత మాట్లాడుదువు గానీ, ముందుగాల చెయ్యి తే!"